ఏడు డిస్కుల ముహూర్తం

జిల్లాలోని ప్రతి కార్యాలయమూ తన సర్వరులో ఎంత జాగా ఖాళీగా ఉందో మూడు ప్రతుల్లో తెలియజేయాలని మాకొక సర్క్యులరు వచ్చింది. అది మార్చి నెలలో కాకుండా ఇంకెప్పుడొచ్చినా ఈ కథ జరిగి ఉండేది కాదు.

మార్చి గురించి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఏడాదికని ఇచ్చిన నిధులు మార్చి ముప్పై ఒకటిలోపు వాడకపోతే మురిగిపోతాయి. పైగా, వాడలేదు గనక మీకు అవసరం లేదని మరుసటేడు కోత పెడతారు. అందుచేత మార్చిలో మా దగ్గర ఫలానాది ఖాళీగా ఉందని ఒప్పుకోవడం, పండగ రద్దీలో బస్సెక్కి, నా పక్క సీటు ఖాళీ అని కేకేసి చెప్పడం లాంటిది. ముప్పై ఏళ్ళ సర్వీసులో అలా ఒప్పుకున్నవాణ్ణి నేను చూడలేదు.

నేను జనన మరణ నమోదు కార్యాలయంలో సీనియరు అసిస్టెంటుని. సర్వరంటే ఏమిటో మాకు చెప్పింది మా కంప్యూటరు ఆపరేటరు ఫర్జానా. "పెద్ద బీరువా అనుకోండి సార్. లోపల డిస్కులు అరలు. మన పుట్టుకలూ చావులూ అన్నీ అందులోనే," అంది. ఖాళీ ఎంతో చూసి చెప్పమంటే నలభై శాతమంది.

మా డిప్యూటీ డైరెక్టరు లింగమూర్తి గారు కుర్చీలోంచి లేచారు.

"నలభయ్యా! ఆ మాట ఈ గది దాటకూడదు. ఖాళీ అని రాస్తే పట్టుకుపోతారు. పదిహేను రోజులుంది. నింపండి."

"దేంతో సార్?" అంది ఫర్జానా.

"ప్రభుత్వ కార్యాలయంలో నింపడానికి వస్తువు లేదంటావేమిటమ్మా?"

నింపాం. అప్పటిదాకా రిజిస్టర్లకి రాసిన వైపే స్కాను తీసేవాళ్ళం. ఇప్పుడు వెనక వైపు తెల్లగా ఉన్నది కూడా తీశాం. ఆఖరి పేజీల తరవాత మిగిలిన ఖాళీ కాగితాలు తీశాం. కుర్చీలని నాలుగు వైపుల నుంచీ, పంకాలని తిరుగుతుండగా ఒకసారి, ఆగాక ఒకసారి ఫొటోలు తీశాం. అటెండరు గవరయ్య టీ తెస్తున్నట్టు, ఇస్తున్నట్టు, గ్లాసులు పట్టుకుపోతున్నట్టు మూడు వీడియోలున్నాయి. ముప్పై ఒకటో తేదీ సాయంత్రానికి మా డిస్కులో ఒక పుట్టుక పట్టేంత జాగా కూడా లేదు. లింగమూర్తి గారు సంతోషించి అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు.

స్కాను పూర్తయింది గనక కాగితం రిజిస్టర్లు వృథాగా జాగా తింటున్నాయని, వాటిని మూటలు కట్టి లారీలో రాజధాని గోదాముకి పంపేశారు. వెళ్ళిన లారీ వెళ్ళిందే. గోదాము చిరునామా కూడా ఆ రిజిస్టర్లలోనే ఎక్కడో ఉందని తరవాత తెలిసింది.

మిగతా కార్యాలయాల వాళ్ళూ మాలాంటివాళ్ళే. మత్స్యశాఖ వాళ్ళు తమ చెరువుని గంటకోసారి వీడియో తీశారు. చెరువులో ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడానికి చాలా జాగా పడుతుందిట. అటవీశాఖ వాళ్ళు చెట్లకి ఎదర ఒక ఫొటో, వెనక ఒక ఫొటో తీశారు. తూనికలు కొలతల వాళ్ళు ఏమీ పెట్టని త్రాసుని రెండు పగళ్ళు చిత్రీకరించారు. అది చివరిదాకా కదల్లేదని వాళ్ళకి గర్వం.

ఏప్రిల్లో పైనుంచి జవాబొచ్చింది. జిల్లాలో సర్వరులన్నీ కిటకిటలాడుతున్నాయని నివేదికల వల్ల రుజువైంది గనక, ఒకరి జాగా ఒకరు పంచుకునే నిమిత్తం "సమష్టి నిల్వ పథకం" ప్రవేశపెట్టడమైనది. దాని అమలుకి జిల్లా నాయకులు లింగమూర్తి గారు.

ఆయన ఏడు కార్యాలయాల వాళ్ళనీ సమావేశపరిచారు. మేము, మత్స్య, అటవీ, పశుసంవర్ధక, నీటిపారుదల, తూనికలు కొలతలు, జిల్లా గ్రంథాలయం.

"సోదర సోదరీమణులారా! ఒకే చోట కూర్చున్న ఫైలు స్వార్థపరురాలైన ఫైలు. నేటి నుంచి ప్రతి ఫైలునీ సమానంగా ఏడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కని ఒక్కో కార్యాలయంలో నిల్వ చేయడం జరుగుతుంది. ఏ కార్యాలయమూ తన ఫైలులో ఏడో వంతుకి మించి తన దగ్గర ఉంచుకోరాదు. మన వస్తువు పరాయి ఇంట్లో, పరాయి వస్తువు మన ఇంట్లో. దీనినే సమైక్యత అంటారు."

చప్పట్లు కొట్టాం. చప్పట్లలోంచి ఫర్జానా చెయ్యి లేచింది.

"సార్, ఏడింటిలో ఏ ఒక్క సర్వరు ఆగినా ఫైలు తెరుచుకోదు సార్."

"ఎందుకాగుతుందమ్మా?"

"కరెంటు పోతే..."

"కరెంటు వేరే శాఖ. మన పరిధిలో లేనిదాన్ని మనం ఆలోచించరాదు."

"పోనీ ప్రతి ముక్కకీ ఒక నకలు వేరే చోట పెట్టుకుందాం సార్. ఒకరిద్దరు ఆగినా మిగతావాళ్ళతో పని జరిగిపోతుంది. ఎక్కడైనా అలాగే చేస్తారు. ఆ ఖాళీ కాగితాలూ పంకాలూ తీసేస్తే నకళ్ళకి జాగా కూడా సరిపోతుంది."

లింగమూర్తి గారు జాలిగా నవ్వారు. "జాగా ఆదా చెయ్యడానికి పెట్టిన పథకంలో ఒకే వస్తువుని రెండుసార్లు దాచమంటావా? ఆడిట్ వాళ్ళొచ్చి, ఒక మనిషి రెండుసార్లు ఎలా చచ్చిపోయాడని అడిగితే ఏం చెప్తావు? ఇక ఖాళీ కాగితాలు ప్రభుత్వ ఆస్తి. వాటిని కూడా ఏడు ముక్కలు చేసి భద్రపరచడం జరుగుతుంది."

అలాగే జరిగింది. మా తెల్ల కాగితాలు ఏడు ముక్కలై ఏడు చోట్ల భద్రంగా ఉన్నాయి. మత్స్యశాఖ చెరువులో ఏడో వంతు మా గదిలోకి వచ్చింది.

వచ్చినవి అతిథులు గనక వాటి యోగక్షేమాలకి మరో సర్క్యులరు. ప్రతి కార్యాలయంలోనూ "అతిథి ముక్కల మర్యాద రిజిస్టరు" తెరవాలి. ఏసీ ఇరవై రెండు దగ్గర ఉంచాలి. పొద్దున్నా సాయంత్రం ఒకరు సర్వరు దగ్గరకెళ్ళి, చూసి, "అతిథులు కుశలం" అని సంతకం చెయ్యాలి. ఆ పని గవరయ్యకి పడింది. అతను చెప్పులు విప్పి లోపలికెళ్ళేవాడు.

"చెప్పులెందుకయ్యా?" అన్నాను.

"చల్లగా, చీకటిగా, లోపల ఏదో గుయ్యిమంటాది బాబూ. చెప్పులతో ఎల్లబుద్ధి కాదు," అన్నాడు.

రెండు నెలల్లో ఏ కార్యాలయంలోనూ ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. తెరుచుకోకపోవడం వల్ల పొరపాట్లు సున్నా అయ్యాయి. ఫిర్యాదులు కూడా సున్నా. వాటినీ ఏడు ముక్కలు చేశారు. జిల్లాకి ఉత్తమ నిల్వ కప్పు వచ్చింది. కప్పుని మటుకు ముక్కలు చెయ్యకుండా లింగమూర్తి గారి గదిలోనే ఉంచారు.

అలా ప్రశాంతంగా ఉన్న రోజుల్లో నూకాలు వచ్చింది.

నూకాలుకి ఆర్టీసీ కాంప్లెక్సు బయట ఇడ్లీ బండి ఉంది. మా ఆవిడ పోయిన ఈ మూడేళ్ళూ నా పొద్దుటి టిఫిను అక్కడే. నాకు కారం పడదని ఎప్పుడు కనిపెట్టిందో, నేను చెప్పకుండానే నా ప్లేటులో ఎర్ర చట్నీ వెయ్యడం మానేసింది. అందరిముందూ అడక్కుండా చేసిన ఆ పని నాకు చాలా పెద్ద ఉపకారంగా తోచేది. ఆవిడ మా మెట్లెక్కి రావడం అదే మొదటిసారి.

"జోగారావు బాబూ, మా అప్పన్న సచ్చిపోయినట్టు కాయితం గావాల."

అప్పన్న ఆవిడ భర్త. రిక్షా తొక్కేవాడు. పన్నెండేళ్ళ కిందట జ్వరంతో పోయాడు. అప్పుడిచ్చిన కాగితం, తరవాతొచ్చిన తుఫానుకి ఇంటి కప్పుతో పాటే ఎగిరిపోయింది.

"ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు నూకాలూ?" అన్నాను, సంగతి కొంత తెలిసే.

ఆవిడ కొంగు మడతపెట్టి, విప్పి, కిటికీలోంచి బయటికి చూసింది. ఆవరణలో వేపచెట్టు కింద పాత స్కూటరుకి ఆనుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. డిపోలో మెకానిక్కు, పారినాయుడు. భార్య పోయి ఆరేళ్ళు. చేతులు ఎంత కడుక్కున్నా గ్రీజు వదలదు గనక, వాటిని వెనక్కి పెట్టుకుని నిలబడే అలవాటు.

"ఆయనా నానూ పెళ్ళి సేసుకుందారనుకున్నాం బాబూ. పక్క ఆఫీసులో కాయితం పెట్టినాం. నా మొగుడు పోయినట్టు రుజువు సూపించమన్నారు. వచ్చే శుక్రవారం దాకే గడువంట."

మా ఆవరణలోనే పెళ్ళిళ్ళ నమోదు కార్యాలయం ఉంది. అక్కడ పెళ్ళికి దరఖాస్తు పెడితే, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోడానికి ఆ నోటీసుని ముప్పై రోజులు బోర్డుకి అంటిస్తారు. నోటీసిచ్చిన మూడు నెలల్లో పెళ్ళి జరక్కపోతే దరఖాస్తు చెల్లదు. మళ్ళీ నోటీసు, మళ్ళీ ముప్పై రోజులు.

"పోతే పోయింది, ఇంకోసారి పెట్టుకోవచ్చులే," అన్నాను. అన్నాక నాలిక్కరుచుకున్నాను. ఆ బోర్డు ముందునించే రోజూ నేను నడుస్తాను. నలభై ఎనిమిదేళ్ళ ఆవిడకీ యాభై మూడేళ్ళ ఆయనకీ పెళ్ళట అని ఆ నోటీసు ముందు జనం నిలబడి నవ్వుకోవడం చూశాను. ఎవడో ఆవిడ ఫొటోకి మీసాలు పెట్టాడు. ఒకరోజు ఫర్జానా తడిగుడ్డతో అవి తుడిచి, నోటీసుని టెండరు ప్రకటనల మధ్యకి మార్చింది. టెండర్లని ఎవరూ చదవరు.

"మళ్ళీ నా వల్ల కాదు బాబూ," అంది నూకాలు. "ముప్పై దినాలు ఆ బోర్డు మీద నానే నిలబడిపోయినట్టుండీది. ఇడ్లీ తిన్నోడల్లా నా మొకం సూసి నవ్వీవోడు. మా బావగోరు బండికాడికొచ్చి తిట్టీసి పోనాడు. శుక్రవారం లోపల అయితే అయినట్టు. నేకపోతే ఒద్దని నాయుడికి నానే సెప్పీసినాను. ఆయన ఊఁ అన్నాడు. అనీసి, రెండు దినాలు టిఫినుకి రానేదు."

తొమ్మిది రోజులు గడువుంది. ఫర్జానా అప్పన్న పేరు కొట్టింది. తెర మీద ఒక చిన్న చక్రం తిరిగి తిరిగి, కింద అక్షరాలు వచ్చాయి: సమష్టి సిద్ధంగా లేదు. దయచేసి వేచి ఉండండి.

నేను లింగమూర్తి గారి దగ్గరకెళ్ళాను.

"అత్యవసరమా?" అన్నారాయన. "చనిపోయినవాడికి అత్యవసరమేమిటి జోగారావు గారూ? ఎక్కడికీ పోడు కదా."

"బతికున్నవాళ్ళకి సార్."

"బతికున్నవాళ్ళు జనన విభాగం. సరే, పద్ధతి ప్రకారం చేద్దాం. అప్పన్న అనే వ్యక్తి ప్రస్తుతం ఏడు శాఖల ఉమ్మడి ఆస్తి. ఆయన్ని బయటికి తియ్యడానికి ఏడుగురూ అభ్యంతరం లేదని రాసివ్వాలి."

బండి మూసుకుని నూకాలు మూడు రోజులు తిరిగింది. పారినాయుడు సెలవు పెట్టి స్కూటరు మీద తిప్పాడు. సాయంత్రం వచ్చి నాకు చెప్పేది.

మత్స్యశాఖలో గుమాస్తా, "మీ ఆయన చేపలు పట్టేవాడా?" అన్నాట్ట.

"రిక్షా తొక్కీవోడు బాబూ."

"మరి మా దగ్గరెందుకున్నాడు?"

"నానెట్టినానేటి? మీరే ఎట్టుకున్నారు!"

అటవీశాఖ వాళ్ళు చావు రిజర్వు అడవిలో జరిగిందా, ఏనుగు వల్లా, ఎలుగుబంటి వల్లా అని అడిగారు. జ్వరమని చెబితే జ్వరానికి గడి లేదన్నారు. చివరికి, "ఇతర జంతువులు" అన్న గడిలో దోమ అని రాసి ఇచ్చారు. పశుసంవర్ధక శాఖ కాగితంలో జాతి, రంగు, కొమ్ముల కొలత అని మూడు గీతలున్నాయి. అక్కడి డాక్టరు గారు మంచివాడు. మూడింటికీ అడ్డంగా గీతకొట్టి, కింద "మనిషి" అని రాసి సంతకం పెట్టాడు. తూనికల వాళ్ళు మాత్రం ఏమీ అడగలేదు. అప్పన్న ముక్క బరువు సున్నా అని ధ్రువీకరించి ముద్ర వేశారు.

ఏడు కాగితాలూ మా బల్ల మీదికొచ్చాయి. లింగమూర్తి గారు చూసి, "చూశారా, పథకం ఎంత చక్కగా పనిచేస్తోందో!" అన్నారు.

ఫర్జానా మళ్ళీ పేరు కొట్టింది. సమష్టి సిద్ధంగా లేదు.

అభ్యంతరాలు ఏడుగురికీ లేవు. కాని ఏడు సర్వరులూ ఒకేసారి మేలుకుని ఉండటం అనేది పథకం పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కసారీ జరగలేదు. మత్స్యశాఖలో చేపపిల్లల తొట్టెకి గాలి కొట్టే మోటారూ సర్వరూ ఒకే ప్లగ్గు మీద ఉన్నాయి. తొట్టెకి గాలి కావలసినప్పుడు సర్వరుని పీకేస్తారు. అటవీశాఖ సర్వరు గది తాళం రేంజరు గారి జీపులో ఉంటుంది, జీపు అడవిలో ఉంటుంది. పశువుల డాక్టరు గారి ఇన్వర్టరు టీకాల ఫ్రిజ్జుకే సరిపోతుంది. గ్రంథాలయం పొద్దున్న పదకొండుకి మూసి, మళ్ళీ సాయంత్రం తెరుస్తారు. మా ఏసీ అతిథుల కోసం ఇరవై రెండు దగ్గర ఆడీ ఆడీ సర్వరు మీద నీళ్ళు కారుస్తోంది గనక, మేము దాన్ని రోజంతా ఉంచలేం.

"ఫోన్లు చేసి అందర్నీ ఒకేసారి వెయ్యమంటే?" అన్నాను ఫర్జానాతో.

"రెండు రోజులుగా అదే చేస్తున్నా సార్. వాళ్ళు వేసేసరికి వీళ్ళది పోతోంది. వేశాక లేవడానికి ఒక్కోటి పావుగంట తీసుకుంటుంది. ఎప్పుడు ఏది ఉంటుందో లెక్క అందదు."

గవరయ్య గ్లాసులు ఏరుతూ వింటున్నాడు. వాళ్ళ నాన్న ఊళ్ళో పంచాంగం చెప్పి బతికినవాడు.

"లెక్క అందకపోడమేటమ్మా? ఏడు గ్రహాలున్నాయి. ఎవుడి చారం ఆడిది. ఎవుడు ఎప్పుడు లెగుత్తాడో, ఎప్పుడు పడుకుంటాడో నాకు రాసిచ్చీ. కలిసిన గడియేదో నాను సెప్తాను."

ఫర్జానా నవ్వలేదు. తెల్ల కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. నేను ఏడు కార్యాలయాలకీ ఫోన్లు చేశాను. ఏ వీధికి కరెంటు ఎప్పుడు తీస్తారో సబ్‌స్టేషనులో అడిగాం. మంగళవారం సాయంత్రానికి గవరయ్య కళ్ళజోడు తుడుచుకుని, వేళ్ళ కణుపులు లెక్కపెట్టి, మర్యాద రిజిస్టరు వెనక పేజీలో గళ్ళు గీశాడు. కరెంటు కోతని రాహుకాలం కింద, భోజనాల వేళని వర్జ్యం కింద కట్టాడు. రేంజరు గారి జీపుని వక్రించిన గ్రహంగా పెట్టుకున్నాడు.

"బుధవారం పనికిరాదు. నీళ్ళోళ్ళ ఈధిలో పగలల్లా కరెంటు నేదు. శుక్రవారం లైబ్రరీకి సెలవు. గురువారం పొద్దున్న పది నలభై ఎనిమిదికి మత్స్యం లెగుత్తాది. పదకొండుకి లైబ్రరీ పడుకుంటాది. మద్దిలో పన్నెండు నిమిషాలు. అదే ముహూర్తం. అది తప్పితే మళ్ళీ ఆషాఢం పోయినాకే."

ముహూర్తం ఫోన్లో అందరికీ చెప్పాం. పశువుల డాక్టరు గారు, "పెళ్ళి ముహూర్తమా?" అన్నారు. "చావు కాగితానికండి, పెళ్ళి కోసం," అన్నాను. ఆయన వెంటనే, "టీకాల్ని ఐసు డబ్బాలోకి మారుస్తాను లెండి," అన్నారు.

గురువారం పది ముప్పావుకి మా గదిలో నూకాలు, పారినాయుడు, నేను, గవరయ్య. ఇంకా డిపో నుంచి ఒక కండక్టరు, పెళ్ళికి ముగ్గురు సాక్షులు కావాలి గనక. ఫర్జానా బల్ల మీద ఫోను పెట్టి ఆరుగుర్నీ ఒకే కాల్లో కలిపింది.

"తూనికలు కొలతలు. పది నలభై ఆరు నిమిషాల సున్నా సెకన్లకి మేము సిద్ధం."

"పశువులు సిద్ధం."

"గ్రంథాలయం అండి. మేము ఎనిమిది నుంచీ మేలుకునే ఉన్నాం."

"నీటిపారుదల. మా ఇంజనీరు గారు లేరు. నేనే వేసేశాను. ఎవరికీ చెప్పకండి."

"అటవీ. రేంజరు గారు గుమ్మంలో జీపు ఆపుకుని ఉన్నారు, తొందరగా కానియ్యమంటున్నారు."

పది నలభై ఎనిమిదికి, "మత్స్యం లేచిందండీ!" అని అరుపు. తెర మీద చక్రం ఆగింది. సమష్టి సిద్ధం.

సరిగ్గా అప్పుడే లింగమూర్తి గారు గదిలోకి వచ్చారు. "ఏమిటీ జనం?"

"పథకం ప్రదర్శన సార్," అన్నాను. "ఏడు శాఖలూ ఏకకాలంలో."

ఆయన ముఖం వెలిగిపోయింది. ఫోను మీదికి వంగారు. "సోదర సోదరీమణులారా! ఈ చారిత్రాత్మక సందర్భంలో..."

ఆయన మాట్లాడుతుండగా ఫర్జానా ఆయన మోచేతి కింద నుంచి అప్పన్న రిజిస్టరు తెరిచింది. తెల్ల కాగితం వచ్చింది. నొక్కింది. ఇంకో తెల్ల కాగితం. మార్చిలో రాసిన వైపుకో తెల్ల వైపు చొప్పున మేము శ్రద్ధగా ఎక్కించినవి ఏడు దిక్కుల నుంచీ ముక్కలు ముక్కలుగా వచ్చి, అతుక్కుని, తెల్లగా నిలబడుతున్నాయి. పది యాభై రెండు. యాభై మూడు. నూకాలు తెర వంక చూడ్డంలేదు, గడియారం వంక చూస్తోంది. పారినాయుడు చేతులు వెనక్కి పెట్టుకోవడం మరిచిపోయాడు.

"...కావున సమైక్యతే మన బలమని తెలియజేసుకుంటూ..."

"వచ్చింది," అంది ఫర్జానా.

పది యాభై ఆరుకి కాగితం మిషనులోంచి బయటికొచ్చింది. నూకాలు అందుకుని, తిప్పి, నా చేతికిచ్చింది. "సదువు బాబూ."

చదివాను. పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ, జ్వరం. ఆవిడ తల దించుకుని వింది. మా ఆవిడ కాగితంలోనూ అవే గీతలు, అవే గళ్ళు. ఎంత పెద్ద మనిషినైనా ఆరు గీతల్లో సర్దేస్తాం.

"మంచోడే," అంది నూకాలు. కొంగుతో ముక్కు తుడుచుకుని కాగితాన్ని రవికలో దోపుకుంది. "పదండి మరి."

పక్క కార్యాలయానికి పరుగెత్తాం. అక్కడి పెళ్ళిళ్ళ అధికారి, సుగుణాకరం గారు, కాగితం చూశారు. ముద్ర చూశారు. వెలుతురుకి పట్టి చూశారు.

"అంతా బాగానే ఉంది. కొత్త నిబంధన ప్రకారం కాగితాన్ని నమ్మరాదు. ఇది సమష్టిలో ఉందో లేదో నేను తెరిచి చూసి, పెళ్ళి నమోదయ్యేదాకా తెరిచే ఉంచాలి."

టైము పదకొండుకి రెండు నిమిషాలు. పెళ్ళి ప్రమాణాలు, సంతకాలు, వేలిముద్రలు, సాక్షులు, తక్కువలో తక్కువ అరగంట పని. నూకాలు గోడకి చేరబడిపోయింది. "ఒగ్గీండి బాబూ. నాకు రాసిపెట్టి నేదు."

ఫర్జానా చేతిలో ఫోను ఇంకా కలిసే ఉంది. ఆ పిల్ల దాన్ని నోటిదగ్గర పెట్టుకుని, "అందరికీ ఒక మాట," అంది. "ఇంకో అరగంట కావాలి."

అలా అడిగితే ఏం చెయ్యాలో నిబంధనల్లో ఎక్కడా లేదు.

ముందుగా గ్రంథాలయం. "పేపర్లు చదివేవాళ్ళున్నారు, తలుపులు వేసేశాను. దీపాలూ సర్వరూ ఉంచాను. వాళ్ళకీ విషయం చెప్పాను. కూర్చుంటామన్నారు."

"తూనికలు కొలతలు. మా గడియారం ఈరోజు అరగంట ఆలస్యంగా నడుస్తోంది. రాసుకున్నాం."

"అటవీ. రేంజరు గారు జీపు దిగారు. టీ చెప్పమన్నారు."

"నీటిపారుదల. ఇంజనీరు గారు వచ్చేశారు. ఇదేమిటని అడిగారు. చెప్పాను. మీరు పని చూసుకోండి, అని స్విచ్చి దగ్గర ఆయనే నిలబడ్డారు."

"ఐసు ఇంకా ఉంది," అన్నారు పశువుల డాక్టరు గారు.

మత్స్యశాఖ నుంచి మాట రాలేదు. వాళ్ళ తొట్టెకి గాలి ఆగి అప్పటికే అరగంట కావస్తోంది. ఫోన్లో నీళ్ళ చప్పుడు వినపడింది. మగ్గుతో తీసి, ఎత్తునించి పొయ్యడం, తీసి, పొయ్యడం.

"హలో? మత్స్యం?" అంది ఫర్జానా.

"చేతులు ఖాళీ లేవమ్మా," అంది ఆ గుమాస్తా గొంతు, ఆయాసంగా. "పైనుంచి నీళ్ళు పోస్తే పిల్లలకి గాలి అందుతుంది. ముగ్గురం పోస్తున్నాం. ఆ రిక్షా ఆయన్ని ఇక్కడే ఉంచాం. మీరు కానియ్యండి."

సుగుణాకరం గారు కళ్ళజోడు పైకి తోసుకుని ఫోను వంక చూశారు, నూకాలు వంక చూశారు. ప్రమాణ పత్రంలో ముందున్న రెండు పేరాలు నోట్లోనే వేగంగా చదివేసి, "సంతకాలు," అన్నారు.

పారినాయుడు పెట్టాడు. నూకాలు వేలిముద్రకి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుని, "నాయుడూ, టిఫినుకి రెండు దినాలు ఎందుకు రానేదు?" అంది.

"ఆకలెయ్యలేదండి," అన్నాడాయన. ఆవిణ్ణి అందరిముందూ అండి అన్నాడు.

ఆవిడ వేలు నొక్కింది. మేం ముగ్గురం సాక్షి సంతకాలు చేశాం. పదకొండు ఇరవై ఒకటికి ఫర్జానా ఫోన్లో, "అయిపోయింది," అంది. ఆరు చోట్ల నుంచీ ఏదో కలగాపులగంగా వినిపించింది. గ్రంథాలయంలో పేపర్లు చదివేవాళ్ళు చప్పట్లు కొట్టారు, అటవీశాఖలో ఎవరో ఈల వేశారు. తరవాత ఒక్కొక్కరే స్విచ్చి తీసేశారు. మొదట మత్స్యం. మోటారు గుర్రుమంది.

లింగమూర్తి గారు ఆ సాయంత్రమే ఉత్తర్వు రాయించారు. పథకం దిగ్విజయంగా నడిచింది గనక, ఇకపై యావత్తు ధ్రువపత్రాలూ గురువారం నాడు పది నలభై ఎనిమిది మొదలు పదకొండు వరకు మాత్రమే జారీ చేయబడును. ముహూర్త నిర్ణయాధికారిగా గవరయ్యకి అదనపు బాధ్యత, జీతంలో మార్పు లేకుండా.

పెళ్ళి నమోదయిన రికార్డుని నిబంధన ప్రకారం సమష్టికి పంపారు. అది ఏడు ముక్కలై ఏడు కార్యాలయాలకి వెళ్ళింది. వాళ్ళిద్దరూ మాత్రం ఒక్క స్కూటరు మీదే వెళ్ళారు.